పాలమందు

"నోటితో ఊదారట!" అన్నాడు శివనేశన్, వాళ్ళేదో దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు. "పంపు నాజిలు మూసుకుపోతే నోట్లో పెట్టుకుని ఊదుతారా ఎవరైనా? చిన్నపిల్లలా వాళ్ళు? రూల్సు పుస్తకం ఇచ్చాం. మూడు భాషల్లో ఇచ్చాం. నోటికి తగలకూడదని ఎర్రక్షరాలతో అచ్చేయించాం. ఇంకేం చెయ్యమంటారు మనల్ని?"

మోహనప్రియ బల్లమీదున్న రెండు పేజీల కాగితాన్నే చూస్తోంది. మలేసియాలోని క్లాంగ్‌లో ఉన్న ఆ పురుగుమందుల కంపెనీ పరిశోధనశాలకు శివనేశన్ పెద్ద. మోహనప్రియ అక్కడ చేరి ఎనిమిదేళ్ళయింది. ఆ ఎనిమిదేళ్ళూ ఒక్క మందుమీదే గడిచాయి. పామాయిల్ ఆకుల్ని తినేసి చెట్టుకి ఈనెలు మాత్రం మిగిల్చే మూటపురుగుకి మందు. విషం కాదు. పురుగు పొట్టలో మాత్రమే పనిచేసే సూక్ష్మజీవి, దాన్ని ఆకుకి అంటిపెట్టడానికి కాస్త నూనె జిగురు. నీళ్ళలో కలిపితే తెల్లగా పాలలా అవుతుంది. అందుకని తోటల్లో ఆడవాళ్ళు దానికి పాలమందు అని పేరు పెట్టేశారు. కంపెనీ పెట్టిన పేరొకటి డబ్బామీద ఉంది గానీ అది ఎవరికీ నోరు తిరగదు.

కువాలా సెలంగోర్ దగ్గరి తోటలో ఆ మందు కొట్టే జట్టునుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఆస్పత్రిలో పడ్డారు. విజయరాణి, అంబిగ. ఇద్దరికీ ఊపిరాడటం లేదు. కాగితంలో 'కారణం' అన్న గడిలో ముందే టైపు చేసి ఉంది: కార్మికుల తప్పుడు పద్ధతి. అడుగున మందు తయారుచేసినవారి సంతకానికి చోటు వదిలారు.

"మీరు సంతకం పెట్టేస్తే వాళ్ళిద్దరికీ వార్నింగ్ లెటరు వెళ్తుంది. మిగతా జట్టుకి మళ్ళీ ట్రైనింగు. వచ్చే సోమవారం మందు పద్నాలుగు తోటలకి వెళ్తుంది. అంతే లాహ్," అన్నాడు శివనేశన్ అక్కడివాళ్ళ ఊతపదంతో.

"నేనోసారి తోటకెళ్ళి చూసొస్తాను సార్."

"ఏం చూస్తారు?"

"నాజిలు ఎందుకు మూసుకుపోతోందో."

శివనేశన్ మొహం చిట్లించాడు. "మీ ఊరే కదా అది, మీ అమ్మగారున్నారు కదా. వెళ్ళి అన్నం తిని రండి. గురువారం పొద్దుటికి కాగితం నా బల్లమీద ఉండాలి. ప్రియా, ఒక్క మాట. ఇది మీ పేరుమీద వస్తున్న మందు. చేజేతులా పాడుచేసుకోకండి."

ఒళ్ళు మండింది మోహనప్రియకి. ఎవరిమీద మండాలో మాత్రం తేలలేదు. కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, తన గదిలోకి వెళ్ళి అలమారులోంచి రెండు సీసాలు తీసింది. ఒకటి పోయినేడు జనవరిది, రెండోది ఈ ఏడు మార్చిది. జనవరి సీసా వంచితే లోపలి మందు నీళ్ళలా కదిలింది. మార్చిది కదలడానికి కాసేపు పట్టింది.

ఆ తేడా తను పెట్టిందే. జనవరి మందు వానకి కొట్టుకుపోతోందని ప్రయోగానికి వాడిన తోటలవాళ్ళు గోలపెడితే నూనె జిగురు రెట్టింపు చేసింది. పీల్చితే ఏమవుతుందో చూసే ఎలుకల పరీక్ష జరిగింది జనవరి మందుతో. మార్చి మందుతో మళ్ళీ మొదలెడితే ఇంకో ఐదు నెలలు. జిగురే కదా, బిస్కెట్లలో కూడా వేస్తారు కదా అనుకుంది. పాత పరీక్ష కాగితాన్నే కొత్త మందు ఫైల్లో పెట్టి సంతకం చేసేసింది. ఎవరూ మెడమీద కత్తి పెట్టలేదు. శివనేశన్ అడగను కూడా లేదు. అడిగితే తెలుసుకోవలసి వస్తుంది, తెలిశాక ఊరుకోవడం కష్టం. అంచేత పెద్దవాళ్ళు అడగరు.

*

పొద్దున్నే తోట ఆఫీసు ముందు పనివాళ్ళంతా వరసగా నిలబడితే, జట్టుపెద్ద మండోరు పేర్లు పిలిచి ఎవరు ఏ వైపు వెళ్ళాలో చెప్పడాన్ని పెరట్టు అంటారు. మంగళవారం పెరట్టు వేళకి మోహనప్రియ కారు దిగింది. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని అక్కడ నిలబడిన పిల్లే. తొమ్మిదిమంది ఆడవాళ్ళూ టక్కున మాటలు ఆపేశారు. ఒక్కరూ పలకరించలేదు. ఒకావిడ పనిగట్టుకుని నేలమీద ఉమ్మి, బూటుతో రాసేసింది.

విజయరాణి ఆస్పత్రిలో ఉండటంతో ఆవిడ మండోరు పని కోగిలవాణి చూస్తోంది. నలభై దాటిన మనిషి, బక్కపల్చన, గొంతు మాత్రం తోట ఆ చివరికి వినిపిస్తుంది. "దండాలెట్టండే, మందు తల్లి వచ్చినాది," అంది జట్టువైపు తిరిగి. ఎవరూ నవ్వలేదు.

"అక్కా, నేనూ మీతో రానా ఇవాళ?"

"తోట నీయమ్మదేటి, మాయమ్మదేటి? కంపినీది. రా."

మూడేళ్ళ మొక్కల వైపు నడిచారు. మొక్కలంటే మనిషికంటే ఎత్తు, ఆకులు నాలుగువైపులా నేలమీదికి వాలి ఉన్నాయి. నీళ్ళ ట్యాంకరు దగ్గర ఒక్కొక్కరూ వీపుమీది పంపు టంకీ దించి, కొలత డబ్బాతో మందు పోసి, నీళ్ళు పట్టి, కర్రతో తిప్పారు. తెల్లగా నురగ తేలింది. ఇద్దరు ఆస్పత్రిలో పడ్డాక కూడా అదే మందు. మోహనప్రియ పరుగున వెళ్ళి కోగిలవాణికి అడ్డం నిలబడింది.

"ఇంకా ఇదే కొడుతున్నారా? ఆపెయ్యండక్కా, ఆపెయ్యండి ముందు!"

కోగిలవాణి టంకీ వీపుకెత్తుకుని పట్టీలు సర్దుకుంటూ అడిగింది. "ఆపమని కాగితం ఉన్నాదేటి నీ దగ్గిర?"

"లేదు. కానీ నేను చెప్తున్నాను."

"నువ్వు కొట్టమంటే కొట్టినాం. నువ్వు ఆపమంటే ఆపితే ఈ రోజు కూలికి పేరు ఎవులు ఏస్తారు మాకు? కాగితం అట్టుకురా."

ఎడంచెయ్యి పంపు పిడిమీద కిందికీ పైకీ ఆడుతోంది, కుడిచెయ్యి గొట్టాన్ని ఆకు అడుగునుంచి పైకి తిప్పుతోంది. ముప్పై అడుగులు నడిచారో లేదో కోగిలవాణి గొట్టంలోంచి వచ్చే తుంపర సన్నబడి, ధారగా మారి, ఆగిపోయింది. ఆవిడ గొట్టం చంకలో ఇరికించుకుని, నాజిలు మర విప్పింది. మోహనప్రియ కళ్ళల్లోకి చూసింది. చూస్తూనే దాన్ని పెదాలమధ్య పెట్టుకుని ఒక్క పీల్పు పీల్చి, ఉమ్మి, మళ్ళీ గట్టిగా ఊదింది. తిరిగి బిగించింది. అంతా కలిపి ఓ పది క్షణాల పని.

"సూసినావా? ఇదే మా తప్పు."

"బ్రష్షులిచ్చారు కదా!"

"ఇచ్చినారు. ఆ బ్రష్షు ఈ బెజ్జంలో దూరదు. పిన్నీసెట్టి పొడిస్తే బెజ్జం పెద్దదైపోద్ది. పెద్దదైతే టంకీ బేగి ఖాళీ అయిపోద్ది, మందు ఒలకబోసినావని దొర తిట్లు. ఊదితే బెజ్జం సెడదు."

"పాత మందుకి కూడా ఇలాగే ఊదేవారా?"

కోగిలవాణి ఆగింది. వెనకాల వస్తున్న ఇద్దరూ కూడా ఆగారు. ఏం అడగకూడనిది అడిగిందో మోహనప్రియకి అర్థం కాలేదు.

"పాత మందా? మాకేటి పిచ్చెక్కినాదా? అది విసం గదే! దానికైతే జోబీలో రెండేసి నాజిలు ముక్కులు ఉండేవి. మూసుకుపోతే ఇప్పీసి నీళ్ళడబ్బాలో పడీసి, ఇంకోటి బిగించేవోలం. ఎవులు నేర్పినారు? మీయమ్మే నేర్పినాది. ముప్పై ఏళ్ళల్లో ఒక్కర్తె కూడా నోట్లో ఎట్టనేదు. నీ మందుకే ఎట్టినాం."

"ఎందుకు మరి?"

"ఎందుకేటి! మన తోటలో పుట్టిన గుంట సేసిన మందు గదా అని."

మోహనప్రియకి గుర్తొచ్చింది. ఏప్రిల్లో మందు మొదటిసారి తోటకి వచ్చినరోజు ఈ ఆడవాళ్ళు బకెట్టుకి నాలుగడుగుల దూరంలో నిలబడి ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు తను వేలు ముంచి నాకింది. ఉప్పు తక్కువైందని హాస్యం కూడా ఆడింది. అందరూ పగలబడి నవ్వారు. కంపెనీవాళ్ళు ఫొటో తీసి ఆఫీసులో తగిలించారు. వారం తిరక్కుండా మాస్కులన్నీ ఇళ్ళల్లో మేకులకి వేలాడాయి.

"నువ్వు నాకినావు, మేం ఊదినాం. రెంటికీ తేడా ఏటో సెప్పు. సదువుకున్నదానివి."

"పొట్టలోకి పోతే ఏం కాదక్కా. ఊపిరితిత్తుల్లోకి పోతే జిగురు అక్కడే ఉండిపోతుంది."

"అది ఆరోజు సెప్పినావేటి?"

"నాకే తెలీదు."

"తెలీకుండానే నాకినావేటి!" అంది కోగిలవాణి. టంకీ ఎగదోసుకుని తరవాతి మొక్కవైపు వెళ్ళిపోయింది. మోహనప్రియ వెంటనే శివనేశన్‌కి ఫోను చేసి మందు ఆపించమంది. గురువారం మాట్లాడదాం అన్నాడు. తోట మేనేజరుకి చేసింది. పైనుంచి ఉత్తర్వు రావాలన్నాడు. ఆఖరికి తానే కారు డిక్కీలోంచి పాత మాస్కులు పది తీసి ఒక్కొక్కరికీ ఇవ్వబోయింది. నలుగురు తీసుకున్నారు. మిగతావాళ్ళు ఆ చేతివైపు కూడా చూడలేదు.

*

మధ్యాహ్నం అమ్మ ఇంటికి వెళ్ళింది. రామలక్ష్మి ముప్పై ఒక్కేళ్ళు ఆ తోటలో మందు కొట్టి, జట్టుకి మండోరుగా ఉండి, నాలుగేళ్ళ కిందట పని మానేసింది. తోట బయట కాలనీలో రెండు గదుల ఇల్లు. గోడమీద కూతురు డిగ్రీ పట్టా తీసుకుంటున్న ఫొటో ఒకటే పెద్దది, దేవుళ్ళందరూ దానికంటే చిన్నవాళ్ళు.

ఎండుచేపలు వేయించి, చింతపండు పులుసు పోసి, కూతురు తింటుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "ఆళ్ళ మాటలు ఇనకు. సంతకం ఎట్టీ," అంది.

"ఏ సంతకం? నీకెవరు చెప్పారు?"

"తోటాపీసులో లెక్కలు రాసే కిరాణీ సెప్పినాడు. ఈ తోటలో నాకు తెలీనిది ఏటున్నాది?"

"తప్పు నాదమ్మా. పరీక్ష చెయ్యకుండా ఇచ్చేశాను."

రామలక్ష్మి చెయ్యి చాపి చూపించింది. మూడు వేళ్ళకి గోళ్ళు లేవు. మిగతావి పసుపుపచ్చగా మందంగా ఉన్నాయి. "ఇది సూసే గదా నువ్వు ఇసం లేని మందు సేస్తానన్నావు? సేసినావు. నా గోళ్ళు ఊడిపోతే ఎవులు ఒప్పుకున్నారు తప్పని? ఆ మందు సేసినోడు ఏ దేశపోడో, ఆడి మొగం ఎవులైనా సూసినారా? ఆడు సుకంగా ఉన్నాడు. నువ్వెందుకు ఒప్పుకోవాలి?"

"అతనూ ఒప్పుకోవాల్సిందే."

"ఆడు ఒప్పుకున్నాక నువ్వు ఒప్పుకో," అని కంచంలో ఇంకో గరిటెడు అన్నం పడేసింది. సాయంత్రం గుడికి వెళ్ళొస్తానని గొడుగు తీసుకుని బయల్దేరింది. చాలాసేపటికి గానీ తిరిగిరాలేదు. వచ్చాక కాళ్ళు కూడా కడుక్కోకుండా పడుకుండిపోయింది.

*

బుధవారం ఆస్పత్రి. వార్డు గుమ్మంలోనే అంబిగ మొగుడు చిన్నప్పన్ అడ్డం నిలబడ్డాడు. లారీ తోలే మనిషి, తలుపంతా అతనే. "మీరేనా డాక్టరమ్మ? లోపల నా పెళ్ళాం గుక్క తిప్పుకోలేకుండా ఉంది. చూడ్డానికొచ్చారా, లెక్క రాసుకోడానికొచ్చారా?" అని తమిళంలో అరిచాడు. నర్సు వచ్చి అతన్ని పక్కకి లాగవలసి వచ్చింది. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూపించాడు. ఊపిరితిత్తుల అడుగున నూనె చేరిందనీ, ఆ మందులో ఏం కలిపారో చెప్పమని కంపెనీకి రెండుసార్లు రాశాననీ, జవాబు లేదనీ చెప్పాడు. మోహనప్రియ అతని చీటీ వెనక జిగురు పేరూ, పాళ్ళూ రాసి ఇచ్చింది. కంపెనీ రహస్యం అది.

విజయరాణి దిండ్లమీద కూర్చునే ఉంది. పడుకుంటే ఊపిరాడదు. ముక్కుకి గొట్టం. రామలక్ష్మిని అప్ప అని పిలిచే మనిషి, మోహనప్రియకి పిన్ని వరస.

"పిన్నీ, రేపు కాగితం ఇస్తున్నాను. తప్పు మందుదని, నాదని రాశాను."

విజయరాణి నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా మంచం కడ్డీ పట్టుకుంది. "రాయి. మీయమ్మకి... సెప్పినావేటి?"

"అమ్మకేం చెప్పాలి?"

"నిన్న సాయంత్రం వచ్చినాది. కాగితం... తెచ్చినాది. మాదే తప్పని. రూలు ఇనకుండా మేమే ఊదినామని. జట్టులో అందరూ ఏలుముద్ర ఏసినారు. నానూ ఏసినాను. అంబిగ ఏసినాది."

మోహనప్రియ మంచం దగ్గరికి జరిగింది. "ఎందుకేశారు? మిమ్మల్ని ఊపిరాడకుండా చేస్తే, ఎందుకేశారు?"

"అప్ప నా కాళ్ళమీద పడ్డాది." విజయరాణి ఒక్కో మాటకీ ఊపిరి తెచ్చుకుంటోంది. "నన్ను పనిలో ఎట్టినది ఆవిడ. నాకు పురుడు పోసినది ఆవిడ. అలాంటి మనిసి... నా కాళ్ళమీద పడితే నానేటి సేస్తాను? నీకోసం ఏసినాననుకోకు. నీ మొగం సూస్తే నాకు... దగ్గొస్తాది. ఎల్లిపో."

*

సాయంత్రం రామలక్ష్మి వంటింట్లో కొబ్బరి తురుముతోంది. మోహనప్రియ గుమ్మంలో నిలబడే అడిగింది.

"వాళ్ళచేత వేలిముద్రలు వేయించావా?"

"ఏయించినాను."

"కాళ్ళు పట్టుకున్నావా?"

"అట్టుకున్నాను. నా కాళ్ళు, నా సేతులు, నా ఇష్టం. నీకేటి?" తురుము ఆపలేదు.

"సోమవారం ఆ మందు పద్నాలుగు తోటలకి వెళ్తుందమ్మా! అక్కడా ఆడవాళ్ళే కొడతారు. అక్కడా ఊదుతారు."

"ఆ తోటల్లో నాకెవులున్నారు?"

"అమ్మా!"

"ఏటే అమ్మా!" రామలక్ష్మి కొబ్బరిచిప్ప పళ్ళెంలోకి విసిరేసింది. "ఈ తోటలోంచి ఒక్కర్తి సదివినాది. ఒక్కర్తి! అంతమంది పిల్లల్లో ఒక్కర్తి. నా కూతురు మందు సేసినాదని పెరట్టులో తలెత్తుకు నిలబడ్డాను. ఇప్పుడు నువ్వెల్లి, నా మందు పీకలమీదకి తెచ్చినాదని ఊరంతా సాటుతావా? నన్నేటి సెయ్యమంటావు, మొగం ఎక్కడెట్టుకోమంటావు?"

"విజయరాణి పిన్ని చచ్చిపోయేలా ఉంది."

"తెలుసు." గొంతు కాస్త తగ్గింది, అంతలోనే మళ్ళీ హెచ్చింది. "తెలిసే సేసినాను. నాకు పాపం అంటితే అంటనీ. ఆ కాగితం గానీ ఇచ్చినావా, నా గడప తొక్కకు. ఇప్పుడే సెప్తన్నాను."

మోహనప్రియ సంచీ తీసుకుని బయటికొచ్చేసింది. కారులో కూర్చుంది. అమ్మమీద అసహ్యం వేసింది. తనకోసం కాళ్ళు పట్టుకున్న అమ్మమీద అసహ్యం వేసినందుకు తనమీద ఇంకా వేసింది.

*

గురువారం శివనేశన్ మంచి హుషారుగా ఉన్నాడు. తాగడానికి వేడివేడి మైలో తెప్పించాడు. బల్లమీద కాగితాల దొంతర. పైకాగితంమీద నీలం సిరా వేలిముద్రలు, కింద సాక్షి సంతకం రామలక్ష్మిది, తెలుగులో.

"చూశారా? మీ వాళ్ళు ఎంత మంచివాళ్ళో! పదకొండుమందీ ఒప్పుకున్నారు. తోటాఫీసు పని సులువు చేసింది మీ అమ్మగారేనట. ఇక మీ సంతకం కూడా అక్కర్లేదు ప్రియా. మీరేం అబద్ధం చెప్పక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు."

ఊరికే ఉంటే చాలు. ఆ మాట చెవినపడగానే మోహనప్రియ ఒంట్లోంచి నాలుగురోజుల బరువు దిగిపోయింది. భుజాలు వదులయ్యాయి, ఆకలి కూడా వేసింది. అదీ సిగ్గుచేటు. ఎంత హాయిగా ఉందో గమనించుకున్నాకనే లేచి నిలబడింది. తను రాసిన కాగితం తీసి ఆ దొంతరమీద పెట్టింది.

అందులో ఆరే వాక్యాలు. మందు మార్చినది తను. మార్చాక పరీక్ష చెయ్యనిది తను. పాత పరీక్ష కాగితం కొత్త ఫైల్లో పెట్టినది తను. పనివాళ్ళముందు మందు నాకి భయం పోగొట్టినది తను. వాళ్ళు ఊదకపోయినా తుంపర పీల్చేవారే. ఈ మందు ఆపాలి.

శివనేశన్ రెండుసార్లు చదివాడు. "ఇదెవరికైనా పంపారా?"

"పొద్దున ఏడింటికి పురుగుమందులు చూసే ప్రభుత్వశాఖకి పంపాను."

నవ్వు ఎటుపోయిందో పోయింది. "బుద్ధుందా మీకు? ఎనిమిదేళ్ళు! మీకోసం నేను ఎంతమంది కాళ్ళావేళ్ళా పడ్డానో తెలుసా? సరే, వినండి. మీ కాగితం ఒకటి. ఇవి పదకొండు. కింద మీ అమ్మ సంతకం. ఎవరి మాట నమ్ముతారు? ఉద్యోగంలో కోపం వచ్చి కంపెనీమీద బురద జల్లిన మనిషి మీరని రాస్తాను. మీ అమ్మే సాక్షి. మందు సోమవారం వెళ్తుంది. మీ కార్డు ఇక్కడ పెట్టి వెళ్ళండి."

మెడలోంచి కార్డు తీసి పెట్టింది. మైలో అక్కడే చల్లారిపోయింది.

*

శుక్రవారం పెరట్టుకి ముందే వచ్చి నిలబడింది. కోగిలవాణి పేర్లు పిలవడం పూర్తయ్యేదాకా ఆగి, వరస ముందుకి వెళ్ళింది.

"నేను మీకు క్షమాపణ చెప్పడానికి రాలేదు," అంది. "చెప్పినా మీ ఊపిరి బాగవదు. మీకిచ్చిన మందుని ఎవరూ పరీక్ష చెయ్యలేదు. చెయ్యాల్సింది నేను. అది తెలిసీ ఇచ్చాను. మీరు వేలిముద్రలు వేసిన కాగితం వల్ల ఆ మందు సోమవారం ఇంకో పద్నాలుగు తోటలకి పోతుంది. ఆ కాగితం వెనక్కి తీసుకోమని అడగడానికి వచ్చాను. కంపెనీ నన్ను పంపేసింది. మీకివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు."

తోట కిరాణీ మెట్లమీద నిలబడి ఫోను తీశాడు. మొన్న నేలమీద ఉమ్మినావిడ, పైడితల్లి, ముందుకొచ్చింది. జట్టులో అందరికన్నా పెద్దది.

"అదంతా సరేలే. మా లోపల ఉన్నది ఎప్పుడు పోద్ది?"

ఎనిమిదేళ్ళలో మోహనప్రియ ఏ మీటింగులోనూ ఏ ప్రశ్నకీ జవాబు లేకుండా కూర్చోలేదు. ఎంత శాతం, ఎన్ని రోజులు, ఎన్ని ఎలుకలు, అన్నీ నోటికి వచ్చేవి.

"తెలీదు," అంది.

"తెలీదా? ఇంత సదివి తెలీదా?"

"తెలీదు. పరీక్ష చేసుంటే తెలిసేది. ఇప్పుడు మీలో చూసే తెలుసుకోవాలి. ఎవరు ఎన్ని వారాలు కొట్టారు, ఎవరికి దగ్గుంది, ఎవరికి ఎంత దూరం నడిస్తే ఆయాసం వస్తోంది, అన్నీ రాసుకోవాలి. వారం వారం రాయాలి. నిజానికి మొదటిరోజునుంచే రాయాల్సింది."

"అంటే మేం ఎలకలమేటి?" అంది వెనకనుంచి ఒకావిడ.

"నాలుగు నెలలనుంచీ ఎలకలమేనే," అంది పైడితల్లి వెనక్కి తిరక్కుండా. "అప్పుడు ఎవులూ రాయనేదు, అంతే. రాయి. కాగితం ఎనక్కి తీసుకుంటాం. నీకోసం కాదు. పద్నాలుగు తోటల్లో నా సెల్లి తోట కూడా ఉన్నాది."

కోగిలవాణి జట్టువైపు చూసింది. తరవాత మండోరు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్నుతోసహా మోహనప్రియ చేతిలో పెట్టింది. "వరసలో రండి. పేరు, వారాలు సెప్పి పొండి. దీనితో ముచ్చట్లెట్టకండి," అని అరిచింది.

ఒక్కొక్కరూ వచ్చారు. పైడితల్లి, పదహారు వారాలు, దగ్గు ఉంది. కోగిలవాణి, పద్దెనిమిది వారాలు, దగ్గు లేదు, మెట్లెక్కితే ఆయాసం. ఎవరూ మోహనప్రియ మొహంలోకి చూడలేదు. ఆమె తలెత్తకుండా రాస్తోంది. ఎన్నాళ్ళనుంచి, రాత్రిళ్ళు పడుకోగలుగుతున్నారా, ఊదేవారా, రోజుకి ఎన్నిసార్లు. ఒకావిడ చెప్పి వెళ్ళేముందు కావాలనే ఆమె చెప్పుమీద బూటు వేసి తొక్కింది. మోహనప్రియ కాలు లాక్కోలేదు.

తొమ్మిది పేర్లయ్యాయి. తొమ్మిదో పేరు కింద గీత గీస్తుంటే కాగితంమీద ఇంకో నీడ పడింది.

"పేరు?" అని తలెత్తింది.

రామలక్ష్మి. ఇంటినుంచి నడిచి వచ్చినట్టుంది. గుండెమీద చెయ్యి పెట్టుకుని గసపెడుతోంది. పది అడుగుల దూరంలో నిలబడ్డవాళ్ళకి కూడా ఆ గస వినిపిస్తోంది.

"అమ్మా, నువ్వెందుకొచ్చావు? నువ్వు పని మానేసి నాలుగేళ్ళయింది కదా?"

జవాబు కోగిలవాణి చెప్పింది, ఈసారి అరవకుండా. "ఏప్రిల్లో నువ్వు అలా కారెక్కి ఎల్లిపోనావు. నవ్వినామే గానీ తెల్లారేసరికి ఎవులూ టంకీ ఎత్తనేదు, బయమేసి. అప్ప వచ్చి ఎత్తుకున్నాది. నా కూతురు మందు, నానే ముందు కొడతానన్నాది. ఆవిణ్ణి సూసి మేం ఎత్తినాం. నీకు సెప్పొద్దని మాసేత ఒట్టేయించినాది."

మోహనప్రియ మళ్ళీ కాగితంమీదికి వంగింది.

"ఎన్ని వారాలు?" అని అడిగింది, అందరినీ అడిగిన మాటే.

"ఆరు."

"దగ్గుందా?"

"రెండు నెలలైనాది."

"పడుకోగలుగుతున్నావా?"

"కూకునే పడుకుంటన్నాను."

"ఊదావా?"

"ఊదినాను. అందరికన్నా ఎక్కువ ఊదినాను." రామలక్ష్మి కొంగుతో నోరు తుడుచుకుంది. జట్టంతా చూస్తోంది. "ఏటలా సూస్తావు? ఆళ్ళకి పనికి టయిం అయిపోతంది. రాయి. అమ్మ అని రాస్తే ఆపీసోళ్ళకి తెలీదు. పేరెట్టి రాయి."

మోహనప్రియ గీత కింద పదో పేరు రాసింది.